వానలో నాలుగు ఇండికేటర్లూ వెయ్యాలా?

తొలకరి పడగానే మా బంధువుల వాట్సాప్ గ్రూపులోకి ఏటా ఒక మెసేజ్ వస్తుంది. వానలో బండి నడిపేటప్పుడు హజార్డ్ లైట్లు, అంటే నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి, వేసుకోండి, వెనకవాళ్లకి కనిపిస్తారు, ఈ సంగతి పది మందికీ చెప్పండి అని. ఈసారి పంపినవారు మా బావగారు. ఆయన తొందరపడి నడిపే మనిషి కాదు. హైదరాబాద్ నుంచి ఊరికి బయల్దేరే ముందు టైర్లలో గాలి, వైపర్లు, స్టెప్నీ అన్నీ చూసుకుంటారు. అలాంటి మనిషి పంపేసరికి కింద చేతులు జోడించిన బొమ్మలు వరసకట్టాయి. "వద్దు బావగారూ, నడుస్తున్న బండికి అవి వెయ్యకూడదు" అని నేను రాశాను. ఇక ఆ రోజంతా గ్రూపులో అదే గొడవ. "పదిమందికీ కనపడితే నష్టమేంటి చెప్పు" అన్నారాయన. న్యాయమైన ప్రశ్నే. ఫోన్లో రెండు లైన్లలో దానికి జవాబు ఇవ్వడం నాకు చేతకాలేదు.

నా అభిప్రాయం ముందే చెప్తాను. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర త్రికోణం ఉన్న ఆ బటన్‌కి ఒక్క అర్థమే ఉండాలి: ఈ బండి ఆగిపోయింది, లేదా ఇప్పుడే ఉన్నట్టుండి ఆగబోతోంది, వెనకవాళ్లు జాగ్రత్తపడాలి. వాన పడుతోందని, మంచు ఉందని, తిన్నగా వెళ్తున్నానని, రెండు నిమిషాల్లో వచ్చేస్తానని చెప్పడానికి దాన్ని వాడితే మనకే కాదు, పక్కవాళ్లకీ ముప్పే.

బావగారి వాదన తేలిగ్గా తీసేసేది కాదు. కేంద్ర రవాణా శాఖ 2022 లెక్కల ప్రకారం దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ప్రమాదాల్లో ఐదో వంతుకు పైగా వెనక నుంచి వచ్చి గుద్దినవే. మన హైవేల మీద రాత్రిపూట టెయిల్ లైట్ వెలగని ట్రాక్టరు ట్రక్కులు ఎన్ని ఉంటాయో రోజూ తిరిగేవాళ్లకి చెప్పక్కర్లేదు. బురద కొట్టుకుపోయి రిఫ్లెక్టర్ టేపు కనపడని లారీలూ అంతే. ఇన్ని ఉండగా ఒకడు అదనంగా నాలుగు లైట్లు వెలిగించుకుంటే మంచిదేగా అనిపించడం సహజం.

కనపడితే సరిపోదు

వెనక వస్తున్నవాడికి కావల్సింది ముందొక బండి ఉందన్న కబురు ఒక్కటే కాదు. ఆ బండి ఎంత దూరంలో ఉంది, కదులుతోందా ఆగిందా, ఎటు తిరగబోతోంది, బ్రేకు వేస్తోందా? ఇవన్నీ తెలియాలి. నిలకడగా వెలిగే రెండు ఎర్ర లైట్లు దూరాన్ని చెప్తాయి. అవి ఒక్కసారిగా ప్రకాశంగా వెలిగితే బ్రేకు. పక్కన పసుపు లైటు కొట్టుకుంటే ఆ వైపు మలుపు. నాలుగు ఇండికేటర్లూ కలిపి వేస్తే ఈ మాటల్లో ఒకటి పూర్తిగా పోతుంది. చాలా కార్లలో హజార్డ్ వేశాక ఇండికేటర్ కాడ ఎటు నొక్కినా బయట తేడా ఉండదు. కొన్ని కొత్త మోడళ్లలో మాత్రం కాడ నొక్కినంతసేపు హజార్డ్ ఆగి ఆ వైపు ఇండికేటర్ పనిచేస్తుంది. కానీ వెనకున్నవాడికి మీది ఏ మోడలో ఏం తెలుస్తుంది? నిమిషానికి అరవై నుంచి నూట ఇరవై సార్లు కొట్టుకునే పసుపు లైట్ల మధ్య బ్రేకు లైటు వెలిగినా, అద్దం మీద నీళ్లు కారుతున్నప్పుడు అది వెంటనే కంటికి ఆనదు.

అన్నిటికన్నా ప్రమాదం, నాలుగు లైట్లూ అందరికీ నాలుగుగా కనపడకపోవడం. ఇది నకిరేకల్ దాటాక ఒక టీ కొట్టు రేకుల కింద నిలబడి కళ్లారా చూశాను. వాన దంచి కొడుతోంది. రోడ్డు అవతలి పక్కన స్టాపులో ఆర్టీసీ బస్సు ఆగి ఉంది. బస్సు ముందు నుంచి, పక్క ఊరి దారిలోంచి, బండికి రెండు పక్కలా పాల క్యాన్లు కట్టుకున్న ఒకాయన హైవే ఎక్కడానికి చూస్తున్నాడు. అటు నుంచి ఒక తెల్ల కారు నాలుగు ఇండికేటర్లూ కొట్టుకుంటూ వస్తోంది. నాకు నాలుగూ తెలుస్తున్నాయి. బస్సు చాటున ఉన్న ఆయనకు కారు కుడి సగం మాత్రమే కనపడింది, అంటే కుడి లైటు ఒక్కటే. అక్కడ డివైడర్ మధ్యలో యూటర్న్ సందు కూడా ఉంది. కారు కుడికి తిరిగి ఆ సందులోకి పోతోందనుకున్నాడు, బండి ముందుకి పోనిచ్చాడు.

కారు డ్రైవరు బ్రేకు తొక్కాడు. తడి రోడ్డు మీద కారు కొంచెం అడ్డం తిరిగి ఆగింది. బండి పక్కకి ఒరిగి, ఒక క్యాను మూత ఊడి పాలన్నీ వాన నీళ్లలో కలిసి తెల్లగా పారాయి. మనిషికి మోచెయ్యి గీసుకుపోయిందంతే. మేం నలుగురం పోయి బండి లేపాం. "కుడికి తిరుగుతున్నడనుకున్న సార్, ఇండికేటర్ ఏసిండు గదా" అని అందరి మొహాలూ చూస్తూ ఒకటే మాట చెప్పాడాయన. కారులో ఆయనకి కోపం కన్నా భయమే ఎక్కువ. "జాగ్రత్త కోసమే వేసుకున్నాను సార్" అన్నాడు. ఇద్దరూ నిజమే చెప్పారు. పాలు పోగొట్టుకున్న మనిషి ఆ రోజు తనకి కనపడ్డ గుర్తుని సరిగ్గానే చదివాడు. తప్పు మాట చెప్పింది ఆ లైటు.

నాలుగు రోడ్ల కూడలిలో తిన్నగా వెళ్లడానికి నాలుగూ వెయ్యాలనే నమ్మకం మనవైపు బాగా పాతుకుపోయింది. ఎడమకి ఎడమది, కుడికి కుడిది, తిన్నగా అయితే రెండు వైపులా. వినడానికి లెక్క కుదిరినట్టే ఉంటుంది. కానీ కూడలిలోనే పక్క రోడ్డువాడికి మన బండి ఒక పక్క మాత్రమే కనపడేది. తిన్నగా పోవడానికి ఏ ఇండికేటరూ అక్కర్లేదు. ఏదీ వెయ్యకపోవడమే తిన్నగా వెళ్తున్నానని చెప్పడం. నేను నేర్చుకున్న డ్రైవింగ్ స్కూల్లో ఈ బటన్ ఎందుకుందో ఒక్కసారీ చెప్పలేదు. ఎనిమిది వెయ్యడం, రివర్స్ తియ్యడం, లైసెన్సు చేతికి రావడం, అంతే. మిగతాది ముందు పోయేవాడిని చూసి నేర్చుకున్నాం. ముందు పోయేవాడూ అలా నేర్చుకున్నవాడే.

మరి వానలో కనపడేదెలా

హెడ్‌లైట్లు వెయ్యాలి. లో బీములో, పట్టపగలైనా సరే. హెడ్‌లైటు వేస్తే వెనక టెయిల్ లైట్లూ వెలుగుతాయి. వెనక ఫాగ్ ల్యాంపు ఉన్న బండైతే, నిజంగా దారి కనపడనప్పుడు అదీ వెయ్యాలి. ఆ ఎర్రని గట్టి లైటు పెట్టిందే అందుకు.

ఇక్కడ కొత్త కార్లతో ఒక చిక్కుంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ముందు పగటి లైట్లు, అవే డీఆర్ఎల్‌లు, ఇంజిన్ ఆన్ చెయ్యగానే వెలుగుతాయి. లోపల డ్యాష్‌బోర్డు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. ముందు బండి వెనక అద్దంలో మన లైట్ల వెలుగు మనకే కనపడుతుంది. లైట్లు వేసే ఉన్నాయని గట్టిగా నమ్మేస్తాం. కానీ చాలా కార్లలో డీఆర్ఎల్‌తో వెనక లైట్లు వెలగవు. మబ్బు కమ్మిన మధ్యాహ్నం హైవే మీద బూడిద రంగు కారు, బూడిద రంగు నీటి తుంపర, వెనక ఒక్క లైటూ లేదు. హజార్డ్ వేసి నడిపేవాళ్లలో చాలామంది స్థితి ఇదే. వెనక వెలుగు లేని లోటుని తెలియకుండానే ఇండికేటర్లతో పూడ్చుకుంటున్నారు. బావగారికి ఇది చెప్పాక ఆయన పార్కింగ్‌లోకి దిగి, లైటు స్విచ్ తిప్పుతూ, పాపని కారు వెనక నిలబెట్టి ఏది ఎప్పుడు వెలుగుతోందో చూసుకున్నారు. డీఆర్ఎల్ ఒక్కటే ఉన్నప్పుడు వెనక చీకటే. ఆటో మోడ్‌ని నమ్ముకునేవాళ్లకీ ఇదే చెప్తాను. దాని సెన్సరు కొలిచేది వెలుతురుని. పగటి వానలో అది హెడ్‌లైట్లు వెయ్యకపోవచ్చు.

లైట్లు వేసినా, వేగం తగ్గించినా ముందు రోడ్డు కనపడకపోతే ఇక నడపకూడదు. టోల్ ప్లాజా, పెట్రోలు బంకు, దాబా, లారీలు ఆపుకునే లేబై, ఏది ముందొస్తే అందులోకి పూర్తిగా దిగిపోవాలి. పొగమంచులో రోడ్డు అంచున ఆగి నాలుగూ వేసుకుని కూర్చోవడం మంచిది కాదు. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో విజయవాడ హైవే మీద నడిపినవాళ్లకి తెలుసు, ముందున్న లైటు పట్టుకుని పోవడం తప్ప దారి లేని చోట్లుంటాయి. అలా లైటు వెంట లైటుగా వచ్చేవాడు మీరు రోడ్డు మీద కదులుతున్నారనుకుంటాడు. మీ వెనకే అంచు దిగి నేరుగా మీ డిక్కీలోకి వస్తాడు.

ఫ్లోరిడా సంగతి

గ్రూపులో నా మాటకి గట్టి అడ్డు ఫ్లోరిడాలో ఉండే మా అక్క కూతురి దగ్గర నుంచి వచ్చింది. "ఇక్కడ చట్టమే ఒప్పుకుంటుంది మామయ్యా" అని. నిజమే. అక్కడ 2021 జులై 1 దాకా నడుస్తూ హజార్డ్ లైట్లు వెయ్యడం నిషేధం. ఆ రోజు నుంచి గంటకు 55 మైళ్లు, అంతకన్నా ఎక్కువ వేగం అనుమతించే రోడ్ల మీద, చూపు మరీ తగ్గిపోయినప్పుడు వేసుకోవచ్చని మార్చారు. కుంభవృష్టి బాగా ఎరిగిన రాష్ట్రం అది. వాళ్లు ఆలోచించకుండా మార్చి ఉండరు. ఈ ఒక్క చోట నా వాదన కొంచెం తడబడిందని ఒప్పుకోవాలి.

అయినా ఆ సడలింపు ఎక్కడ వర్తిస్తుందో చూడండి. అలాంటి రోడ్లలో ఫ్రీవేలు పక్క నుంచి ఎవరూ చొరబడని రోడ్లు. పాల బండి రాదు, గేదెల మంద దాటదు, ఎదురు దిశలో ఆటో రాదు, మధ్యలో యూటర్న్ సందులుండవు. అందరూ ఒకే వైపు, దాదాపు ఒకే వేగంతో పోతుంటారు. అక్కడ ఇండికేటర్ పోతే లేను మారే సూచన ఒక్కటే పోతుంది. మన ఊళ్ల మధ్య నుంచి పోయే హైవే మీద ఇండికేటర్ పోతే పోయేది అంతకన్నా చాలా పెద్దది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ఒక్కదాన్నే తీసుకుంటే, దాని 158 కిలోమీటర్ల మీదా ఫ్లోరిడా వాదన కొంత అతుకుతుందేమో. అక్కడా నేను హెడ్‌లైట్లూ ఫాగ్ ల్యాంపుతోనే సరిపెట్టుకుంటాను.

బ్రిటన్ వాళ్ల హైవే కోడ్‌లో 116వ నియమం నాకు ఇంకా నచ్చుతుంది. ఆగి ఉన్న బండి తాత్కాలికంగా దారికి అడ్డమైనప్పుడు వెయ్యి. నడుస్తూ వెయ్యకు. మోటార్‌వే లాంటి వేగమైన రోడ్డు మీద ముందు ప్రమాదమో అడ్డంకో ఉందని వెనకవాళ్లకి చెప్పాల్సి వస్తే మాత్రం వెయ్యొచ్చు, అదీ వాళ్లు గమనించేంతసేపే. నేను చెప్పే మినహాయింపూ అదే. సంక్రాంతికి ఊరెళ్తూ పంతంగి టోల్ దగ్గరికి వస్తుంటే, వంపు తిరిగాక కార్లన్నీ ఆగిపోయి కనపడతాయి. నూరు కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి దాదాపు 28 మీటర్లు పోతుంది. అప్పుడు బ్రేకుతో పాటు ఆ బటన్ నొక్కాల్సిందే. వెనకవాడు వేగం తగ్గించడం అద్దంలో చూశాక తీసేయాలి. కొత్త కార్లలో కొన్ని ఈ పని తామే చేస్తాయి. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో దీనికి కొలత కూడా ఉంది. వేగం 50 కిలోమీటర్లు దాటి ఉండి, గట్టి బ్రేకు పడితేనే లైట్లు వడివడిగా కొట్టుకోవాలి. ఊరికే వాన పడితే కాదు.

ఘాట్ ఎక్కే లోడు లారీ సంగతి నాకు పూర్తిగా తేలలేదు. శ్రీశైలం దారిలోనో అనంతగిరి ఘాట్‌లోనో మనిషి పరుగెత్తినంత వేగంతో పోతుంటుంది. వెనక వంపు తిరిగి వచ్చేవాడికి అది ఆగిన బండితో సమానమే. నాలుగూ వేసుకుంటే తప్పనలేను. కానీ మన లారీలు వెనకవాళ్లతో ఇండికేటర్లతోనే మాట్లాడతాయి. కుడిది వేస్తే ఒక డ్రైవరు ఉద్దేశం దాటి వెళ్లమని, ఇంకొకరి ఉద్దేశం ఆగమని. ఎంత గందరగోళమైనా అదొక మాట. నాలుగూ కొట్టుకుంటుంటే అదీ ఉండదు, ఎదురేమొస్తోందో చెప్పే దిక్కుండదు. వంపుల్లో వేసి, తిన్నని చోట తీసేయడం మేలని ప్రస్తుతానికి నా లెక్క.

రెండు నిమిషాలే

ఊళ్లలో ఇదే బటన్ ఇంకో పనికి వాడుతున్నారు. స్కూలు వదిలే టైముకి గేటు ముందు రెండో వరసలో కారు, నాలుగు ఇండికేటర్లు. బేకరీ ముందు అంతే, మందుల షాపు ముందు అంతే. లైట్లు కొట్టుకుంటున్నాయి కాబట్టి ఆపుకునే హక్కు వచ్చేసినట్టు. వెనక అంబులెన్స్ ఇరుక్కుంటే దానికి ఆ లైట్లు ఏ రకంగా పనికొస్తాయి? బండిని ఇతరులకి ప్రమాదంగా, అడ్డంగా వదిలిపెట్టకూడదని మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ 1988 నుంచీ చెప్తోంది. లైట్లు వేస్తే సరే అని అందులో ఎక్కడా లేదు. కుర్రాళ్లు బళ్ల మీద సరదాకి నాలుగూ వేసుకుని తిరగడం, పెళ్లి కార్ల వరస, నాయకుల వెంట కాన్వాయ్‌లు, అన్నీ కలిసి ఆ లైటుని మనం చూసీ చూడనిదిగా మార్చేస్తున్నాయి. నాకు అసలు బాధ ఇక్కడ. రాత్రి పూట నిజంగా యాక్సిల్ విరిగి హైవే మీద ఆగినవాడు అదే బటన్ నొక్కుతాడు. చెప్పుకోవడానికి అతనికి వేరే లైటు లేదు.

నిజంగా ఆగినప్పుడు

మా బాబాయి విజయవాడ, విశాఖ లైన్లో లారీ నడిపేవాడు. బండి ఆగితే ఇంజిన్ చూడటానికి తను దిగేలోపే క్లీనరు వెనక్కి నడవాలి. టార్చీ, ఎర్ర తువ్వాలు పట్టుకుని రోడ్డు అంచునే చాలా దూరం పోయి నిలబడాలి. చెట్టు కొమ్మలు విరిచి పడేసేవాళ్లు, రాళ్లు పేర్చేవాళ్లు. రాళ్లు మాత్రం బాబాయి ఒప్పుకునేవాడు కాదు, బండి బాగయ్యాక వాటిని తియ్యకుండా పోతారని. ఇప్పటికీ హైవేల మీద ఎప్పుడో వెళ్లిపోయిన లారీ తాలూకు రాళ్లు రాత్రిపూట టూవీలర్ల కోసం కాచుకుని ఉంటాయి.

కారు ఆగిపోతుందనిపిస్తే, ఇంకా కదులుతుండగానే నాలుగూ వేసి, ఎంత ఎడమకి వీలైతే అంత ఎడమకి తేవాలి. లోపలున్నవాళ్లు ఎడమ తలుపుల్లోంచి దిగాలి. దిగి కారు వెనక గుమిగూడకూడదు, రెయిలింగ్ దాటి అవతల నిలబడాలి. మనవాళ్లు దిగగానే డిక్కీ దగ్గర చేరి ఫోన్లు మాట్లాడతారు, అన్నిటికన్నా ప్రమాదమైన చోటు అదే. పిల్లల్ని ఏసీ కోసం లోపలే ఉంచేవాళ్లనీ చూశాను, ఒళ్లు జలదరిస్తుంది. జాతీయ రహదారి అయితే 1033కి ఫోన్ చెయ్యాలి.

తర్వాత ఎర్ర త్రికోణం, బటన్ మీద బొమ్మ కాదు, బండి వెనక రోడ్డు మీద నిలబెట్టే రిఫ్లెక్టర్ త్రికోణం. కొత్త కారుతో వచ్చిన ఆ త్రికోణం చాలామంది డిక్కీ అడుగున, స్టెప్నీ పక్కన, కవరు కూడా విప్పకుండా పడి ఉంటుంది. పండక్కి ఊరి నుంచి వస్తుంటే దాని మీద బియ్యం బస్తా, దాని మీద అరిసెల డబ్బా, ఆవకాయ జాడీ. చీకట్లో, లారీలు పక్క నుంచి ఊపేస్తూ పోతుంటే అవన్నీ దించాలి. మా కారులో దాన్ని డ్రైవరు సీటు కింద పెట్టాను. పట్టుకుని నడిచేటప్పుడు దాని ముఖం వచ్చే బళ్ల వైపు ఉండాలి. యాభై అడుగుల దూరంలో పెట్టి వచ్చేస్తే లాభం లేదు. నూరు కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి, డ్రైవరు చూసి కాలు బ్రేకు మీదకి తెచ్చి పూర్తిగా ఆపేసరికి మంచి రోడ్డు మీదే దాదాపు నూరు మీటర్లు పడుతుంది. తడి రోడ్డయితే ఇంకా ఎక్కువ. ఆ దూరం నడవాలి. వంపు ఉంటే వంపు అవతలికి పోవాలి.

హజార్డ్ ఉంది కదా, ఈ త్రికోణం దేనికి అనేవాళ్లకి ఒక లెక్క. పాత రకం బల్బులున్న కారులో ఒక్కో ఇండికేటరు 21 వాట్లు, నాలుగూ కలిపి 84. ఆరుతూ వెలుగుతాయి కాబట్టి అందులో సగం అనుకున్నా, ఇంజిన్ నడవని బండిలో మెకానిక్ వచ్చేదాకా గంటల తరబడి లాగితే నీరసంగా ఉన్న బ్యాటరీ తట్టుకోదు. అసలు బండి ఆగిందే బ్యాటరీ వల్లయితే ఆ నాలుగు లైట్లూ మొదటే ఉండవు. ఎర్ర త్రికోణానికి కరెంటు అక్కర్లేదు.

మా అమ్మాయి ఇప్పుడు కారు నేర్చుకుంటోంది. అపార్టుమెంటు కింద ఆపి ఉన్న కారులో కూర్చోబెట్టి, చూపు ముందు అద్దం మీద నుంచి కదల్చకుండా ఆ బటన్ని చెయ్యి చాచి అందుకోమన్నాను. మొదట రేడియో మోగింది, తర్వాత ఏసీ ఫ్యాను పెరిగింది. ఒక్కో కారులో బటన్ ఒక్కో చోట ఉంటుంది, అందుకని వాళ్ల పెదనాన్న కారులో కూడా చేయించాలి. "ఇది ఎప్పుడెప్పుడు నొక్కాలి నాన్నా" అంది. బండి రోడ్డు మీద ఆగిపోతే, లేదా ముందున్నవన్నీ ఒక్కసారిగా ఆగిపోతే అన్నాను. వానలోనో అంటే, ఎడమ చేతి పక్కనున్న లైటు స్విచ్ చూపించాను. అది మా కారులో ఇండికేటర్ కాడ చివరే ఉంటుంది.